ఉమ్మడి గదులు, సార్వజనిక గదులు: సికింద్రాబాద్ సామాజిక స్థలాల చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నివాస సముదాయాల్లోని క్లబ్‌హౌస్‌లు, కళాశాలల్లోని కామన్ రూంలు ఇటీవలి సౌకర్యాలుగా కనిపిస్తాయి. సికింద్రాబాద్ నగరంలో మాత్రం వీటికి దాదాపు నూటయాభై సంవత్సరాల పూర్వచరిత్ర ఉంది. 1878లో ‘పబ్లిక్ రూమ్స్’ పేరుతో మొదలైన క్లబ్బు, 1905లో ఏర్పడిన ఆంధ్ర సంవర్ధిని గ్రంథాలయం, రైల్వే ఇన్‌స్టిట్యూట్లు ఈ చరిత్రలోని భిన్న దశలు. వీటితోపాటు జంటనగరమైన హైదరాబాద్‌లోని గ్రంథాలయాలను, వసతిగృహాలను పోల్చి చూస్తూ, ‘ఉమ్మడి’, ‘సార్వజనికం’ అనే రెండు భావనల మధ్య భేదాన్ని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం. ఒక గది ఎవరి ఆస్తి అన్నదానికీ, అది ఎంతమందికి తెరిచి ఉందన్నదానికీ నేరుగా సంబంధం లేదని ఈ పరిశీలన ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సికింద్రాబాద్, పబ్లిక్ రూమ్స్, చావడి, పఠన మందిరం, వసతిగృహం, గ్రంథాలయోద్యమం, నివాస సముదాయం.

1. ఉపోద్ఘాతం

తెలంగాణ ఆధునిక చరిత్ర రచనలో సంస్థలకు, ఉద్యమాలకు, నాయకులకు తగిన స్థానం లభించింది. ఆ సంస్థలు ఏ గదుల్లో పుట్టాయి, ఆ గదుల్లోకి ఎవరు రాగలిగారు, ఎవరు గడప బయట ఉండిపోయారు అన్న ప్రశ్నలపై అంత దృష్టి పడలేదు. నలుగురు కూర్చుని మాట్లాడుకోవడానికి, పత్రిక చదువుకోవడానికి, ఊరికే సేద తీరడానికి ఏర్పడిన గదిని చరిత్రకారులు నేపథ్యంగా మాత్రమే చూశారు. ఆ గదినే కేంద్రంగా తీసుకుంటే నగర సామాజిక నిర్మాణం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ఇందుకు సికింద్రాబాద్ అనువైన క్షేత్రం. 1798 నాటి సైనిక సహకార ఒప్పందం దరిమిలా హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన స్థిరపడిన బ్రిటిష్ సైన్యపు విడిదికి 1806లో మూడవ నిజాం సికిందర్ జా పేరు పెట్టారు. కంటోన్మెంటు, బజారు, రైల్వే, మిషనరీ విద్యాలయాలు, తెలుగు, తమిళ, మరాఠీ, ఉర్దూ భాషల ప్రజలు ఒకే పట్టణంలో కలిశారు. ఇన్ని వర్గాలు పక్కపక్కనే ఉన్న చోట ‘అందరి గది’ అన్న మాటకు ఒక్కొక్క వర్గం ఒక్కొక్క అర్థం ఇచ్చింది.

ప్రతి గదినీ ఇక్కడ మూడు ప్రశ్నలతో పరిశీలించడం జరిగింది. మొదటిది, ప్రవేశార్హత ఎవరిది? రెండవది, గదిలో ఏం జరగాలో నిర్ణయించేది ఎవరు? మూడవది, నిర్వహణకు అయ్యే ఖర్చు ఎవరు భరిస్తారు?

2. పదాల పరిశీలన: చావడి, ఉమ్మడి, కామన్ రూం

తెలుగులో నలుగురు చేరే చోటికి పదాల కొరత లేదు. ప్రాచీన కావ్యాల్లో కొలువుకూటం ఉంది. గ్రామంలో చావడి, రచ్చబండ, సత్రం, గుడి మండపం ఉన్నాయి. ఇంటికి, వీధికి మధ్య అరుగు ఉంది. ‘రచ్చ’ అన్న పదం సంస్కృత ‘రథ్యా’ శబ్దం నుంచి ప్రాకృతం ద్వారా వచ్చింది. దాని మూలార్థం వీధి. అంటే రచ్చబండ భావనలోనే ఆ స్థలం వీధిలో భాగమన్న సూచన ఉంది. చావడి పన్ను వసూళ్లకు, తగవుల తీర్పులకు, బాటసారుల విడిదికి పనికివచ్చింది. అయితే ఈ స్థలాలను సమానత్వానికి నిలయాలుగా భావించడం చారిత్రక దోషం. అరుగుమీద కూర్చునేదెవరు, దిగువన నిలబడేదెవరు అన్నది కులాన్ని బట్టి ముందే నిర్ణయమై ఉండేది.

‘ఉమ్మడి’ అన్న పదం వేరు. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి గోడ అన్న ప్రయోగాలన్నిటిలోనూ హక్కుదారులు ఎందరో, ఎవరెవరో ముందే తెలిసి ఉంటుంది. ఇద్దరు అన్నదమ్ముల ఉమ్మడి గోడపై మూడవ పొరుగువాడికి హక్కు లేదు. కనుక ఉమ్మడి అంటే హక్కుదారుల మధ్య విభజన లేకపోవడం. హక్కుదారులు కానివారికి అందులో చోటుండాలన్న నియమం లేదు. ‘సార్వజనికం’ అన్నప్పుడు మాత్రమే ఎవరైనా రావచ్చునన్న అర్థం సిద్ధిస్తుంది. వాడుకలో ఈ రెండు పదాలూ తరచుగా ఒకదానికొకటి పర్యాయంగా వస్తున్నా, వాటి వెనుక ఉన్న సామాజిక ఏర్పాట్లు పరస్పర భిన్నమైనవి.

‘కామన్ రూం’ ఆంగ్ల విశ్వవిద్యాలయ సంప్రదాయం నుంచి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాలలో 1661లో అధ్యాపకుల కోసం ఏర్పాటైన గదిని ఈ కోవలో తొలినాటిదిగా చెబుతారు. అది కళాశాల సభ్యులకే పరిమితమైన గది. అంటే అందులోని ‘కామన్’ శబ్దం మన ‘ఉమ్మడి’కి దగ్గర, ‘సార్వజనికం’కు దూరం. తీరికగా వాలి కూర్చోవడమనే క్రియనుంచి వచ్చిన ‘లౌంజ్’ శబ్దం గదిలోని సౌఖ్యాన్నే చెబుతుంది. ఎవరి గది అన్నది చెప్పదు. నేటి నివాస సముదాయాల ప్రకటనల్లో ఈ పదం విరివిగా కనిపించడం గమనించదగినది.

3. పబ్లిక్ రూమ్స్: పేరుకు, ప్రవేశానికి మధ్య దూరం

సికింద్రాబాద్ క్లబ్ 1878 ఏప్రిల్ 26న ఏర్పడింది. మొదట్లో దాని పేరు ‘పబ్లిక్ రూమ్స్’. తరువాత గారిసన్ క్లబ్, యునైటెడ్ సర్వీసెస్ క్లబ్ వంటి పేర్లు ధరించి, 1903లో ఇప్పటి పేరు పొందింది. నిజాం రాజ్య ప్రధాని మొదటి సాలార్‌జంగ్ వేటవిడిదిగా ప్రసిద్ధమైన భవనం క్లబ్బుకు నివాసమైంది. 

‘పబ్లిక్’ అన్న పేరు పట్టణ ప్రజలందరినీ ఉద్దేశించలేదు. బ్రిటిష్ కంటోన్మెంటు జీవితంలో ‘పబ్లిక్’ అంటే ఆంగ్లేయ అధికారుల, వారి కుటుంబాల సమాజం. ఆ సమాజం దృష్టిలో ఎవరి సొంత బంగళా కానిది పబ్లిక్ గది. బజారులోని వర్తకుడు, లష్కర్‌లోని కూలీ, పాఠశాల పంతులు ఆ నిర్వచనంలోకి రారు. 1947 వరకు క్లబ్బు అధ్యక్షులంతా బ్రిటిష్‌వారేననీ, హైదరాబాద్ సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ ఒక్కరే ఇందుకు మినహాయింపనీ క్లబ్బు చరిత్ర చెబుతుంది. పేరులో ఉన్న విస్తృతికి, నిర్వహణలో ఉన్న సంకోచానికి మధ్య దూరం దీనివల్ల తెలుస్తుంది.

ఇది సికింద్రాబాద్‌కే పరిమితమైన పరిస్థితి కాదు. వలస పాలనలోని పట్టణాలన్నిటిలోనూ క్లబ్బు గడప పాలకులకు, పాలితులకు మధ్య సరిహద్దుగా ఉండేది. బర్మా నేపథ్యంలో జార్జ్ ఆర్వెల్ 1934లో వెలువరించిన ‘బర్మీస్ డేస్’ నవలలో స్థానికుడొకరిని క్లబ్బు సభ్యుడిగా చేర్చుకోవాలా వద్దా అన్న వివాదం కథకు కీలకమైంది. వినోదానికి ఏర్పడిన గదిలో సభ్యత్వం రాజకీయాధికార చిహ్నంగా మారడం ఇందుకు కారణం.

అదే పట్టణంలో భిన్నమైన ఏర్పాటూ ఉంది. 1862లో పాఠశాలగా మొదలైన మహబూబ్ కళాశాలలో 1893 ఫిబ్రవరి 13న స్వామి వివేకానంద ‘పాశ్చాత్య దేశాలకు నా సందేశయాత్ర’ అన్న విషయంపై ప్రసంగించారు. షికాగో ప్రయాణానికి ముందు ఆయన చేసిన ఆ ప్రసంగానికి యూరోపియన్లతోపాటు పట్టణ ప్రజలూ హాజరయ్యారు. విద్యార్థుల కోసం ఏర్పడిన మందిరం ఒక సాయంకాలం పట్టణానికంతటికీ సభాస్థలి అయింది. పబ్లిక్ అన్న పేరు లేని గది ఆ పూట ఆ పేరున్న గదికంటే ఎక్కువ సార్వజనికమైంది.

4. పఠన మందిరం: సొంత ఇంట్లో అందరి గది

తెలుగువారి చొరవతో ఏర్పడిన సార్వజనిక గదికి గ్రంథాలయోద్యమం రూపమిచ్చింది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్ రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావు స్వగృహంలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ప్రారంభమైంది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు ఈ ప్రయత్నంలో ప్రధానులు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధిని గ్రంథాలయం వెలిశాయి. ఈ మూడింటి పేర్లలోనూ భాషకు లేదా ఆ భాషాసమాజానికి ప్రాధాన్యం ఉంది.

పఠన మందిరం స్వభావాన్ని క్లబ్బుతో పోలిస్తే భేదం విశదమవుతుంది. రంగారావు గృహం పూర్తిగా ఒక వ్యక్తి ఆస్తి. చట్టపరంగా అందులో ఎవరికీ వాటా లేదు. అయినా దాని తలుపు చదువరికి తెరిచి ఉంది. పబ్లిక్ రూమ్స్‌ది ఇందుకు పూర్తిగా విపర్యయం. అది సభ్యులందరి ఉమ్మడి సొత్తు, సభ్యులు కానివారికి మూసిన తలుపు. ఆస్తి స్వభావం, గది స్వభావం ఒకటి కావని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఈ నగర చరిత్రలో కనిపించదు.

పఠన మందిరంలో ప్రవేశానికి ఆచరణలో అక్షరజ్ఞానం కూడా నియమం కాలేదు. ఒకరు పత్రిక చదువుతుంటే పదిమంది వినడం ఆనాటి గ్రంథాలయాల్లో సాధారణ దృశ్యం. నిర్వహణ వ్యయం చందాలు, విరాళాల ద్వారా సమకూరేది. రంగారావు మరణానంతరం ఆయన భార్య లక్ష్మీనరసమ్మ భాషానిలయ భవనానికి ఆర్థికంగా తోడ్పడ్డారు. 1921 నాటికి నిలయానికి సొంత భవనం సమకూరింది.

ఈ గదులు ఎక్కడ వెలిశాయన్నది కూడా ముఖ్యమే. రెసిడెన్సీ బజారు, సికింద్రాబాద్ రెండూ అప్పట్లో బ్రిటిష్ పాలనా పరిధిలో ఉన్నాయి. నిజాం రాజ్యంలోని తక్కిన ప్రాంతాల్లో సభలకు, సంఘాలకు ప్రభుత్వానుమతి కావలసి వచ్చేది. 1929 నాటి గస్తీ నిషాన్ 53 ఈ నిర్బంధాన్ని కట్టుదిట్టం చేసింది. గ్రంథాలయ స్థాపనకు సైతం అధికారుల నుంచి ఎదురైన ఆటంకాలను మాడపాటి హనుమంతరావు ‘తెలంగాణ ఆంధ్రోద్యమము’లో నమోదు చేశారు. నలుగురు కూర్చుని చదువుకునే గదిని పాలకులు అనుమానంతో చూడడమే ఆ గదికి ఉన్న శక్తికి నిదర్శనం.

5. సభామందిరంలో భాష, కులం

ప్రవేశం దొరికినంత మాత్రాన గది అందరిదీ కాదని 1921 నాటి సంఘటన తెలిపింది. ఆ సంవత్సరం నవంబరు 12న హైదరాబాద్ వివేకవర్ధిని నాటకశాలలో ధొండో కేశవ కర్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభలో కొందరు గోలచేసి అడ్డుకున్నారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో సమావేశమైన తెలుగువారు ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. సభలో కూర్చోవడానికి చోటు ఉండి, మాట్లాడడానికి భాషకు చోటు లేకపోవడం ఒక సంస్థ పుట్టుకకు కారణమైంది. ఈసారి కూడా సార్వజనిక సభలో దొరకని అవకాశాన్ని ఒక సొంత ఇల్లు ఇచ్చింది.

తెలుగువారి గదులకూ పరిమితులు ఉండేవి. దళితులు తమ సమావేశ స్థలాలను తామే నిర్మించుకోవలసి వచ్చింది. భాగ్యరెడ్డివర్మ 1906లో స్థాపించిన జగన్మిత్ర మండలి హరికథలు, భజనలు, ఉపన్యాసాల ద్వారా ప్రజలను సమీకరించింది. చాదర్‌ఘాట్ ప్రాంతంలోని ఆది హిందూ భవనం ఆ కృషికి స్థిరరూపం. సికింద్రాబాద్‌లో అరిగె రామస్వామి ఘాస్‌మండి కేంద్రంగా సంస్కరణ కార్యక్రమాలు నడిపారు. పి.ఆర్. వెంకటస్వామి 1955లో వెలువరించిన ఉద్యమ చరిత్ర ఈ సంఘాల అంతర్గత జీవితానికి విలువైన ఆధారం. గ్రంథాలయోద్యమ చరిత్రతో దీనిని జోడించి చదివినప్పుడే జంటనగరాల సార్వజనిక జీవిత చిత్రం సమగ్రమవుతుంది.

స్త్రీల విషయంలోనూ ఇదే క్రమం. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ వేరుగా జరిగింది. హైదరాబాద్‌లో యల్లాప్రగడ సీతాకుమారి, ఇల్లిందల సరస్వతీదేవి వంటివారి కృషితో నడిచిన ఆంధ్ర యువతీ మండలి స్త్రీలు ఇంటి బయట తమకంటూ ఒక చోటు ఏర్పరచుకున్న ప్రయత్నం.

6. వసతిగృహం, కళాశాల: విద్యార్థుల గది

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ సంవత్సరమే రాజా బహదూర్ వెంకటరామారెడ్డి కృషితో హైదరాబాద్‌లో రెడ్డి వసతిగృహం ప్రారంభమైంది. జిల్లాలనుంచి వచ్చిన తెలుగు విద్యార్థులకు నగరంలో నిలవ నీడ దొరకడం కష్టమైన కాలమది. కులం పేరుతో ఏర్పడిన ఆ వసతిగృహం గ్రంథాలయానికి, చర్చలకు, వ్యాయామానికి తావిచ్చింది. దాని నిర్వహణ బాధ్యతలు చూసిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో ‘గోలకొండ’ పత్రికను ప్రారంభించారు. ప్రవేశం పరిమితమైన గదిలో పెరిగిన మేధోజీవితం తెలంగాణకంతటికీ చెందిన పత్రికకు దోహదం చేయడం విశేషం.

గది ఉపయోగాన్ని ఎవరు నిర్ణయించాలన్న వివాదానికి 1938 నాటి వందేమాతర ఉద్యమం ప్రబలమైన ఉదాహరణ. ఉస్మానియా వసతిగృహ ప్రార్థన గదిలో విద్యార్థులు వందేమాతరం పాడడాన్ని అధికారులు నిషేధించారు. సమ్మె వసతిగృహాలనుంచి కళాశాలలకు పాకింది. బహిష్కృతులైన వందలాది విద్యార్థుల్లో అనేకులు నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించారు. గది విశ్వవిద్యాలయానిది, ప్రార్థన విద్యార్థులది. ఈ రెండింటి మధ్య ఘర్షణ ఒక తరాన్ని రాజకీయాల్లోకి నడిపించింది.

నేటి కళాశాలల్లో కామన్ రూం మరో రూపం దాల్చింది. సహవిద్య ఉన్న తెలుగు ప్రాంత కళాశాలల్లో ‘లేడీస్ వెయిటింగ్ హాలు’ చిరకాలంగా ఉంది. ఆ పేరే పరిశీలించదగినది. విద్యార్థిని అక్కడ చదువుకోవడానికి, చర్చించడానికి కాక, తరగతికి తరగతికి మధ్య వేచి ఉండడానికి మాత్రమే వస్తుందన్న భావన అందులో ఉంది. న్యాక్ మూల్యాంకనంలో లింగసమానత్వానికి సంబంధించిన సౌకర్యాల్లో భద్రత, కౌన్సెలింగ్‌లతోపాటు కామన్ రూం కూడా చేరింది. దీనివల్ల గది ఉనికికి గుర్తింపు వచ్చింది. అయితే ఫోటో, కొలతలు, తలుపుపై పేరు పలక గది ఉన్నదని మాత్రమే రుజువు చేస్తాయి. తాళం ఎవరి దగ్గర ఉంది, ఏ వేళల్లో తెరుస్తారు, విద్యార్థినులు సొంతంగా సమావేశం జరుపుకోగలరా అన్నవి ఆ పత్రాల్లోకి రావడం అరుదు.

7. రైల్వే కాలనీ నుంచి నివాస సముదాయం దాకా

1874లో వాడి నుంచి వచ్చిన రైలుమార్గం సికింద్రాబాద్‌ను రైల్వే పట్టణంగా మార్చింది. 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు ఈ నగరమే ప్రధాన కేంద్రం. భారతీయ రైల్వేలో అధికారులకు ఆఫీసర్స్ క్లబ్, తక్కిన ఉద్యోగులకు ఇన్‌స్టిట్యూట్ అన్న విభజన స్థిరపడింది. ఇక్కడ జాతి స్థానంలో ఉద్యోగ శ్రేణి ప్రవేశ నియమమైంది. అయినా ఇన్‌స్టిట్యూట్ నాటకాలకు, ఆటలకు, పెళ్లిళ్లకు, కార్మిక సంఘాల సమావేశాలకు తావై కాలనీ జీవితంలో కలిసిపోయింది.

తరువాతి కాలంలో అపార్టుమెంట్లు విస్తరించాయి. ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం 1987లో వచ్చింది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం ఉమ్మడి ప్రాంతాల నిర్వచనంలో మెట్లు, లిఫ్టులు, పార్కులతోపాటు సామాజిక సౌకర్యాలన్నిటినీ చేర్చింది. కాపలా సిబ్బంది నివాసాన్నీ అందులోనే పేర్కొంది. ఈ ప్రాంతాలపై అవిభక్త హక్కు కొనుగోలుదారుల సంఘానికి సంక్రమిస్తుంది.

చట్టం దృష్టిలో క్లబ్‌హౌస్ సంపూర్ణంగా ఉమ్మడి స్థలం. హక్కుదారుల మధ్య సమానత్వం విషయంలో అది పాత క్లబ్బుకంటే ఎంతో ముందుంది. ఫ్లాటు కొన్నవారి జాతి, ఉద్యోగ శ్రేణి అక్కడ నియమాలు కావు. అయితే హక్కు కొనుగోలుతో వస్తుంది కనుక, కొనలేనివారు ఆ నిర్వచనానికి వెలుపలే ఉంటారు. అద్దెదారు యజమాని ద్వారా లోపలికి వస్తాడు. కాపలాదారు గది ఉమ్మడి ప్రాంతంలో భాగమే. ఆ గదిలో ఉండే మనిషికి మాత్రం ఉమ్మడి హక్కు లేదు. ‘ఉమ్మడి’ పదంలో మొదటినుంచీ ఉన్న పరిమితి ఇక్కడ చట్టరూపం ధరించింది.

ఈ సందర్భంలో మరొక చట్టాన్ని గుర్తుచేసుకోవాలి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. అంటే నిర్వహణ రుసుము చెల్లించి క్లబ్‌హౌస్‌ను పోషిస్తున్న ప్రతి గృహ యజమాని, ఇంటిపన్నుతోపాటు పౌర గ్రంథాలయ పఠన మందిరాన్నీ పోషిస్తున్నాడు. మొదటిదాని జమాఖర్చులు సంఘం సమావేశంలో ప్రతి సంవత్సరం చర్చకు వస్తాయి. రెండవదాని గురించి ఆ సమావేశంలో ప్రస్తావన రావడం అరుదు. రంగారావు ఇంటి తలుపు వెనుక ఉన్న ఆశయం ఈ 8 పైసల్లో చట్టంగా మిగిలి ఉంది. దానిని అడిగే పౌరసమాజం మాత్రం ప్రహరీ లోపలి గదికి తరలిపోతున్నది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

● ఉమ్మడి గది, సార్వజనిక గది పరస్పరం భిన్నమైనవి. మొదటిది హక్కుదారుల గది, రెండవది ఆగంతుకుడికీ చోటున్న గది.

● గది పేరు దాని స్వభావాన్ని నిర్ణయించదు. ‘పబ్లిక్ రూమ్స్’ ఒక పాలక వర్గపు గది. ఒక వ్యక్తి స్వగృహంలో నెలకొన్న భాషానిలయం చదువరులందరి గది.

● ప్రవేశం లభించినా భాషకు, ప్రార్థనకు, సమావేశానికి అవకాశం లేకపోతే కొత్త గది పుడుతుంది. ఆంధ్ర జనసంఘం, ఆది హిందూ సంస్థలు, మహిళా మండలులు ఈ క్రమంలో ఏర్పడినవే.

● నేటి నివాస సముదాయపు లౌంజ్ నిర్మాణరీత్యా పఠన మందిరానికి కాక, క్లబ్బుకు వారసురాలు. కళాశాల కామన్ రూం మాత్రం ఇంకా రెండు మార్గాల కూడలిలో ఉంది. దాని తాళం విద్యార్థుల చేతికి వస్తే అది సార్వజనిక జీవితానికి శిక్షణశాల కాగలదు.

2022 జనవరి 16 తెల్లవారుజామున జరిగిన అగ్నిప్రమాదంలో సికింద్రాబాద్ క్లబ్ పురాతన భవనం దగ్ధమైనప్పుడు, నగర వారసత్వానికి జరిగిన నష్టంగా పత్రికలు ఆ వార్తను ప్రముఖంగా ప్రచురించాయి. ఆ విచారం సముచితమే. పఠన మందిరాలు మంటలు లేకుండానే కనుమరుగవుతాయి. ఒక పత్రిక రావడం ఆగుతుంది, సాయంకాలపు వేళలు తగ్గుతాయి, చివరకు తలుపుకు తాళం పడుతుంది. అటువంటి నష్టానికి తేదీ ఉండదు కనుక అది వార్త కాదు. సికింద్రాబాద్, హైదరాబాద్ నగరాల్లోని పాత పఠన మందిరాల సభ్యత్వ పుస్తకాలు, సందర్శకుల పట్టికలు, చందా రసీదులు ఇంకా లభ్యమవుతున్న చోట్ల వాటిని సేకరించి భద్రపరచవలసి ఉంది. అందరి గదిలోకి నిజంగా ఎవరెవరు వచ్చారో చెప్పగలిగిన ఆధారాలు అవే.